మమతారాణి మాటలు తెర మీదికి వచ్చిన రోజు

సభకు నమస్కారం. పద్ధతి ప్రకారం ముందు అధ్యక్షుల పేరు చెప్పాలి. కానీ మా ట్రస్టు అధ్యక్షులు లక్ష్మణ్‌రావు గారు ఏమీ అనుకోరన్న ధైర్యంతో, నా మొదటి నమస్కారం కింద చాపల మీద కూర్చున్న మా పిల్లలకు పెడుతున్నాను. వాళ్లు నా వైపు చూడటం లేదు. నా పక్కన నిలబడి నా మాటలను చేతులతో చెబుతున్న అలేఖ్య టీచర్ వైపే చూస్తున్నారు. ఆ తర్వాత నమస్కారం వేదిక మీది పెద్దలకు, నాతో కలిసి పనిచేసిన టీచర్లకు, పొద్దున్నే బస్సులెక్కి సుల్తానాబాద్ దాకా వచ్చిన తల్లిదండ్రులకు, ఈ ఊరి మిత్రులకు.

అలేఖ్యా, నా వేగం ఎక్కువైతే కొంగు లాగు. (నవ్వులు) చూశారా, మీరు ముందు నవ్వారు, పిల్లలు ఇప్పుడు నవ్వుతున్నారు. మా బధిరుల బడిలో ఏ జోకు వేసినా నవ్వు రెండుసార్లు వస్తుంది. ఇంకో చోట ఈ లాభం ఉండదని తెలిసే ఇన్నేళ్లు ఇక్కడే ఉండిపోయాను.

లక్ష్మణ్‌రావు గారు ఇందాక నన్ను త్యాగమూర్తి అన్నారు. సార్, పెద్దవారు, మీ మాట కాదనకూడదు, కానీ ఈ ఒక్క మాట ఒప్పుకోలేను. నేను జీతం తీసుకున్నాను, కనకవ్వ చేతి వంట తిన్నాను, పిల్లల చేత తిట్లు కూడా తిన్నాను. చేతులతో తిడితే జమున టీచరుకు వినపడదని అనుకునేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. వినపడదు, నిజమే. కనపడుతుంది కదా నాయనా! (నవ్వులు, కాస్త ఆగి, పిల్లల నవ్వులు)

ఈ వీడ్కోలు శాలువా భుజాల మీద పడ్డప్పటి నుంచి ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తున్నాను. పాఠాల గురించి చెబుదామనుకున్నాను. కానీ మనసు మాత్రం పదే పదే మా కంప్యూటర్ గదిలోకే పోతోంది. లెక్కల టీచరుకు కంప్యూటర్ గదిలో ఏం పని అంటారేమో, అదే చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

చాలా ఏళ్ల కింద ఒక సంస్థ వాళ్లు మా బడికి డెస్క్‌టాప్ కంప్యూటర్లు దానం చేశారు. పెద్ద పెద్ద మానిటర్లు, బరువైన పెట్టెలు. వాటికి పూల గుడ్డలు కప్పి, గదికి తాళం వేసి, ఎవరైనా అతిథులు వస్తే తాళం తీసి చూపించేవాళ్లం. దుమ్ము పడకుండా చాలా శ్రద్ధగా చూసుకున్నాం, అంతవరకు మెచ్చుకోవాలి. (నవ్వులు) అప్పుడు ఖానాపూర్ నుంచి శ్రీహరి గారు కంప్యూటర్ టీచరుగా వచ్చారు. ఆయన చేసిన మొదటి పని ఆ పూల గుడ్డలను మడిచి బీరువాలో పెట్టడం. రెండో పని, ఒక సీడీ తెచ్చి నా ముందు పెట్టి, "మేడం, గిది ఎక్కితే మన పిల్లల తల్లిదండ్రులకు మస్తు అక్కెరకొస్తది" అనడం.

ఎవరో ఇంజనీరింగ్ విద్యార్థులు తయారుచేసి ఉచితంగా పంచిన సాఫ్ట్‌వేర్ అది. తెలుగులో ఒక మాట టైపు చేస్తే, ఆ మాటకు సైగ ఎలా చేయాలో తెర మీద ఒక మనిషి వీడియోలో చేసి చూపిస్తాడు. కింద మాట, పక్కన బొమ్మ. మన పిల్లలు ఇంటికి పోతే అక్కడ సైగలు తెలిసినవాళ్లు ఉండరు. దాహం, ఆకలి, నొప్పి అంతవరకే ముచ్చట. తల్లిదండ్రులు బడికి వచ్చిన రోజున కూర్చుని నేర్చుకోవడానికి ఇలాంటిది ఉంటే ఎంత బాగుంటుందో ఆలోచించండి. నాకూ ఆశ పుట్టింది. "అయితే ఎక్కించండి సార్" అన్నాను, అదేదో గోడకు క్యాలెండర్ తగిలించినంత సులువు అనుకుని.

సీడీ పెట్టగానే కంప్యూటర్ 'జావా లేదు' అంది. ఆ సాఫ్ట్‌వేర్ జావా అనే కంప్యూటర్ భాషలో రాసింది కాబట్టి, ముందు జావా ఎక్కిస్తే తప్ప అది నడవదట. శ్రీహరి గారు గది బయట నిలబడి ఫోనులో ఎవరితోనో "ముందు జావా పెట్టాలె, తర్వాతనే వీడియో" అంటుంటే కనకవ్వ విని, "సారూ, జావ పొయ్యి మీద పెట్టాలె గని పెట్టెల పెడుతరా?" అని అడిగింది. (పెద్దగా నవ్వులు) కనకవ్వా, నవ్వకు, నువ్వే అన్నావు ఆ మాట! ఆ రోజు నుంచి మా పిల్లలకు కంప్యూటర్ జావాకూ, తాగే జావకూ సైగ ఒక్కటే. ఇప్పటికీ అదే.

జావా ఎక్కింది. ఒక కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటే పక్కదాంట్లో తెరుచుకోలేదు, ఎందుకంటే అందులో అంతకుముందే వేరే వెర్షన్ జావా ఉంది. దాన్ని తీసేసి సరైనది ఎక్కిస్తే, తెలుగు అక్షరాల చోట వరసగా ఖాళీ డబ్బాలు వచ్చాయి. తెలుగు ఫాంటు పెట్టి, సెట్టింగుల ఫైల్లో దాని పేరు రాశాక డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాయి. వీడియోలు ఏ ఫోల్డర్లో ఉన్నాయో కూడా ఆ ఫైల్లోనే రాయాలి, ఒక్క గీత తప్పినా దొరకలేదంటుంది. చివరికి అన్నీ కుదిరి, మేమందరం చుట్టూ చేరి, 'నీళ్లు' అని టైపు చేస్తే ఏమైందో తెలుసా? సౌండ్ వచ్చింది, బొమ్మ రాలేదు. (నవ్వులు) బధిరుల బడిలో, ఇంతమంది పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని చూస్తుంటే, నల్లటి తెర వెనక నుంచి ఎవరో చక్కగా 'నీళ్లు' అంటున్నారు! శ్రీహరి గారు తల పట్టుకుని కూర్చున్నారు. పాపం, అన్నం కూడా తినలేదు ఆ పూట.

వీడియోలు ఆడించడానికి జావాకు ఇంకో లైబ్రరీ, అంటే సాయం చేసే ఇంకో ప్రోగ్రాం, విడిగా కావాలని, మా వీడియోలు ఉన్న రకం దానికి అర్థం కావడం లేదని ఆయన కనుక్కున్నారు. కొన్ని వారాలు కూర్చుని ఆ వీడియోలన్నిటినీ దానికి అర్థమయ్యే రకంలోకి మార్చారు. బొమ్మ వచ్చింది. పిల్లలు చూశారు. చూసి పెదవి విరిచారు. "ఇవి మా సైగలు కావు" అన్నారు. ఆ వీడియోలు వేరే ప్రాంతంలో తీసినవి, మా పిల్లలకు ఎన్నో మాటలకు వాళ్ల ఇళ్లలో, ఈ హాస్టల్లో పుట్టిన సొంత సైగలున్నాయి. అదృష్టం ఏమిటంటే ఆ సాఫ్ట్‌వేర్‌లో కొత్త వీడియోలు చేర్చే వీలుంది. వెబ్‌క్యామ్ ముందు ఒక్కొక్కరినీ నిలబెట్టి, వాళ్ల మాటలను వాళ్ల చేతులతోనే తీశాం. అందరికంటే ఎక్కువ మాటలు ఇచ్చింది మమతారాణి. అప్పుడు దానికి తొమ్మిదేళ్లు. హుస్నాబాద్ పక్క పల్లె. వెబ్‌క్యామ్ ముందు నిలబడితే దిగేది కాదు.

ఇక ఆ రోజు సంగతి. ఒక పొద్దున మమతారాణి తండ్రి పరశురాములు ఆఫీసు గదికి వచ్చాడు. మస్కట్‌లో కట్టడాల పని, మూడేళ్ల తర్వాత లీవు మీద వచ్చాడు. పిల్లను బడిలో చేర్పించింది తల్లి బాలలక్ష్మి, నేను ఆయనను చూడటం అదే మొదటిసారి. చేతిలో పెద్ద బొమ్మ, పొట్ట నొక్కితే పాడే బొమ్మ. తెచ్చాక గుర్తొచ్చినట్టుంది, దాన్ని వెనక్కి దాచుకుంటూ నిలబడ్డాడు.

"మేడం, పిల్లను తోలుకపోదామని వచ్చిన. టీసీ ఇయ్యుండ్రి."

"ఏమైంది పరశురాములూ? మంచిగ సదువుతుంది గదా."

"సదివి ఏం జేస్తది మేడం? దానికి మాటనే రాదాయె. ఇంట్ల దాని తల్లి ఒక్కతే ఉంటది. తల్లీబిడ్డ ఒక్కదగ్గర ఉంటరు."

"ఇంట్ల ఉంటే ఎవ్వరితోని మాట్లాడుతది?"

"మాట్లాడేదేముంది మేడం," అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు, చులకన లేదు. దూరదేశంలో ఎన్నో రాత్రులు ఆలోచించి, తనకు తాను సర్దిచెప్పుకున్న మనిషి మాట అది. పిల్లను పిలిపించాను. అది గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఆయన నవ్వాడు, అది కూడా నవ్వింది. అంతే. తర్వాత ఇద్దరికీ ఏం చేయాలో తెలియలేదు. ఒకరినొకరు చూసుకుంటూ, నేనేదో చెబుతానని ఇద్దరూ నా వైపు తిరిగారు.

(నీళ్ల గ్లాసు అందుకుని)

క్షమించండి. నీళ్లు తాగుతాను.

టీసీ రాసే గుమాస్తా గారు ఇంకా రాలేదు. "వచ్చేదాక మా కంప్యూటర్ గది చూద్దువు రా" అని ఇద్దరినీ తీసుకుపోయాను. అప్పటికి సాఫ్ట్‌వేర్ సరిగ్గా నడుస్తున్నది ఒక్క కంప్యూటర్లోనే. తీరా పోతే, అది కూడా తెరుచుకోలేదు. ముందు రోజు ఇంటర్నెట్ తగిలించినప్పుడు కొత్త జావా తనంతట తనే వచ్చి కూర్చుందట, పాతదాన్ని పక్కకు నెట్టేసిందట. శ్రీహరి గారు చెమటలు తుడుచుకుంటూ కొత్తదాన్ని తీసేసి పాతదాన్ని మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టారు. తెర మీద ఎంతవరకు ఎక్కిందో చూపే పచ్చగీత నింపాదిగా జరుగుతోంది.

"నా బస్సు పోతది మేడం," అన్నాడు పరశురాములు.

"జర ఆగు. అయిపోయింది."

"గది ఎప్పుడు అయితది సారూ?"

"ఫికర్ చెయ్యకన్నా, ఇగ వస్తది," అన్నారు శ్రీహరి గారు. రాలేదు. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టమంది. పరశురాములు లేచి నిలబడ్డాడు. నా జీవితంలో ఎన్నో పరీక్షలు రాశాను, రాయించాను, కానీ ఆ పెట్టె మళ్లీ వెలిగేదాకా నేను పడ్డ పరేషాన్ ఎప్పుడూ పడలేదు.

వెలిగింది. తెరుచుకుంది. నేను గబగబా 'నీళ్లు' అని కొట్టాను. తెర మీద మమతారాణి వచ్చి సైగ చేసింది.

"గీమె మన పిల్లనే గద!"

"మీ పిల్లనే."

'బడి' అని కొట్టాను. 'వాన' అని కొట్టాను. 'జ్వరం', 'కోపం', 'రేపు', 'అబద్ధం'. ప్రతి మాటకూ ఆ పిల్లే వచ్చి, చేతులతో, కళ్లతో, భుజాలతో చెబుతోంది. పరశురాములు నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు.

"గిన్ని మాటలు ఎక్కడియి మేడం దీనికి?"

"అన్నీ దానివే."

కుర్చీ తెర దగ్గరికి జరుపుకుని, "బాపు అని కొట్టుండ్రి" అన్నాడు.

నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. 'బాపు'కు, అంటే నాన్నకు, మా దగ్గర రెండు వీడియోలున్నాయి. ఒకటి అందరూ చేసేది, మీసం మీద వేలు పెట్టేది. రెండోది మమతారాణి సొంతం. కొట్టాను. మీసం వీడియో వచ్చింది, ఆయన కూడా తన మీసం తడుముకుని నవ్వాడు. తర్వాత మమతారాణి వచ్చింది. బొటనవేలు, చిటికెనవేలు చాచి, మిగతా మూడు వేళ్లు ముడిచి, చేతిని మెల్లగా తల మీది నుంచి పైకి తీసుకుపోయింది.

"గిది విమానం గద సారూ? తప్పు పెట్టిండ్రు."

శ్రీహరి గారు నిజంగానే తప్పేమోనని మౌస్ పట్టుకోబోయారు. నేను ఆయన చెయ్యి ఆపాను.

"తప్పు కాదు పరశురాములూ. బాపు ఏడీ అని ఇది అడిగినప్పుడల్లా వాళ్లవ్వ బాలలక్ష్మి పైన పోయే విమానాన్ని చూపిస్తది. దీనికి బాపు అంటే అదే."

ఆయన ఆ వీడియో మళ్లీ పెట్టమని చేత్తో చెప్పాడు. మళ్లీ పెట్టాం. అప్పుడు ఆయన తన వెనక నిలబడ్డ బిడ్డ వైపు తిరిగి, తన గుండె మీద వేలు పెట్టి చూపించుకుని, అరచేయి చాపి పైకి లేపాడు. మమతారాణి తల అడ్డంగా ఊపింది. దగ్గరికి వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని, ఆ మొరటు వేళ్లలో నడిమి మూడింటినీ ఒక్కొక్కటిగా ముడిచింది. 'ఇట్ల' అన్నట్టు చూసింది.

గుమాస్తా గారు వచ్చి టీసీ రాయాలా అని అడిగారు. పరశురాములు ముడిచిన వేళ్లు విప్పకుండానే ఆ చేతిని పైకి లేపాడు.

ఆ రోజు ఆయన సాయంత్రం బస్సుకు పోయాడు, పిల్లను మా దగ్గరే ఉంచి. లీవు ఉన్నన్ని రోజులు వారానికి రెండు మూడుసార్లు హుస్నాబాద్ నుంచి కరీంనగర్ వచ్చి, అక్కడ బస్సు మారి, ఇక్కడికి వచ్చి ఆ కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. కొన్నిసార్లు బాలలక్ష్మి కూడా వచ్చేది. తండ్రి ఒక మాట నేర్చుకుంటే కూతురు పరీక్ష పెట్టేది, తప్పు చేస్తే నెత్తి మీద మొట్టేది. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. అంతకుముందు మూడేళ్లు బడి గంట కొట్టగానే నా దగ్గరికి పరుగెత్తుకొచ్చిన పిల్ల, ఇప్పుడు గేటు వైపు పరుగెత్తుతుంటే నాకు కొంచెం కుళ్లు పుట్టింది. ఎంత కష్టపడి తెచ్చుకున్న కుళ్లో చూడండి! (నవ్వులు)

మస్కట్ పోయేముందు ఆ సీడీ కాపీ అడిగాడు. వాళ్ల క్యాంపులో అందరికీ కలిపి ఒక పాత కంప్యూటర్ ఉందట. శ్రీహరి గారు ఇవ్వడమే కాదు, ఎలా ఎక్కించాలో రెండుసార్లు చేసి చూపించారు. అయినా పోయిన కొన్నాళ్లకు ఫోను వచ్చింది. ఆ రోజు శ్రీహరి గారు చెల్లెలి పెళ్లిలో ఉన్నారు. ఫోను ఎత్తింది నేను.

"మేడం, జావా ఎక్కింది. వీడియోలు దొరుకుతలేవంటుంది."

"సెట్టింగుల ఫైలు తెరువు పరశురాములూ. ఫోల్డర్ పేరు రాయాలె. మధ్యల వాలుగీత పెట్టు."

"గీత ఎటు పండాలె మేడం? ఎడమకా కుడికా?"

నాకేం తెలుసు? మా కంప్యూటర్ గదికి పరుగెత్తి, ఫైలు తెరిచి చూసి, వచ్చి చెప్పాను. నెత్తి ఎడమకు, కాలు కుడికి అని. ఆయన రాశాడు. రాలేదు. ఒక అక్షరం పెద్దది, ఒకటి చిన్నది. మళ్లీ రాశాడు. పక్కన ఎవరెవరో ఏవేవో భాషల్లో సలహాలు చెబుతున్నారు. చివరికి ఒక కేక వినపడింది.

"వచ్చింది మేడం! బొమ్మ వచ్చింది! గని... సౌండ్ రాలే."

"సౌండ్ మనకెందుకయ్యా!" అన్నాను. (పెద్దగా నవ్వులు, చప్పట్లు, పిల్లలు తమ చప్పట్లుగా చేతులు పైకెత్తి ఊపుతున్నారు)

తర్వాత ఫోన్లలోనే ముఖాలు కనపడే కాలం వచ్చింది. మస్కట్‌లో తండ్రి, ఇక్కడ హాస్టల్ మెట్ల మీద కూతురు, అక్కడ సెలవు రోజని శుక్రవారం శుక్రవారం గంటలకు గంటలు చేతులు ఊపుకుంటూ కూర్చునేవాళ్లు. మమతారాణి మా బడిలో పదో తరగతి పాసైంది, ఆ తర్వాత కరీంనగర్‌లో ఇంటర్ చదివింది. ఇప్పుడు అక్కడే ఒక స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తోంది. మీలో చాలామంది ఇళ్ల పెళ్లిళ్లు ఆ పిల్ల చేతుల మీదుగానే వచ్చి ఉంటాయి. పోయిన సంవత్సరం పరశురాములు మస్కట్ మానేసి ఇంటికి వచ్చేశాడు.

ఆ పాత సాఫ్ట్‌వేర్ మాత్రం ఇప్పుడు లేదు. కొత్తగా వచ్చిన కంప్యూటర్లలో ఆ జావా ఎక్కదు, ఎక్కినా ఆ లైబ్రరీ నడవదు. దిగులుపడ్డాను, దాచుకోను. కానీ పోయిన నెల మమతారాణి సెలవు పెట్టుకుని వచ్చి, శ్రీహరి గారితో కూర్చుని, ఆ వీడియోలన్నిటినీ బయటికి తీసి ఫోన్లలో ఆడేలా మార్చింది. ఇప్పుడు మా పిల్లల తల్లిదండ్రులకు ఇన్‌స్టాల్ చేసే బాధ లేదు, గీత ఎటు పండాలో అడిగే పని లేదు. పనిమంతులకే పని అప్పగించాను కాబట్టి నిశ్చింతగా పోతున్నాను. నిశ్చింతగా అని అన్నాను గానీ, రేపు పొద్దున లేచి ఎటు పోవాలో నాకు తెలియదు, అది వేరే సంగతి.

ఇక ముగిస్తాను. ఈ పొద్దున నేను హాలు మెట్లు ఎక్కుతుంటే పరశురాములు ఎదురొచ్చాడు. దండ వేస్తాడేమో, దండం పెడతాడేమో అనుకున్నాను. అలాంటిదేమీ లేదు.

"మేడం, పొయ్యేముందు మా పంచాయితీ తెంపి పోవాలె మీరు."

"ఏం పంచాయితీ?"

"నేను ట్రాక్టర్ కొంటనంటె గీ పిల్ల వద్దంటది. బోరు కాడ డ్రిప్పు ఎయ్యాలెనట. నిన్న పొద్దుగూకేదాక కొట్లాడింది. నేను ఒకటంటె అది పది అంటది. ఊపిరి తీసుకోనిస్తలేదు మేడం! వాళ్లవ్వ గూడ దాని దిక్కే."

ఆయన వెనక నిలబడి మమతారాణి 'అబద్ధం, అబద్ధం' అని చేతులతో అంటోంది. నేను తీర్పు చెప్పలేదు. "నేను రిటైరయిన. మీ ముచ్చట మీరే తేల్చుకోండి" అన్నాను. ఇద్దరూ కొట్లాడుకుంటూనే లోపలికి వచ్చారు. నేను ఇందాకటి నుంచి ఇక్కడ నిలబడి చూస్తున్నాను, మూడో వరుసలో ఆ రెండు జతల చేతులు ఒక్క నిమిషం ఆగలేదు. నా వీడ్కోలు ప్రసంగం ఇద్దరిలో ఒక్కరు కూడా చూడటం లేదు, వినటం లేదు. (నవ్వులు; అందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు) వద్దు, వద్దు, దయచేసి వాళ్లను ఎవరూ ఆపకండి.

లక్ష్మణ్‌రావు గారికి, శ్రీహరి గారికి, కనకవ్వకు, నా మాటలన్నీ మోసి చేతులు నొప్పి పుట్టించుకున్న అలేఖ్యకు, నన్ను టీచర్ని చేసిన ఈ పిల్లలకు కృతజ్ఞతలు. వాళ్ల కొట్లాట తేలేదాకా మీరందరూ భోజనాలు కానివ్వండి. నాకిక సెలవు.